మగ్గం దిగమన్నది నేనే

ఒక ముసలాయన మీద నేను వేసిన నింద ఇన్నేళ్ళుగా నా లోపల కాపురం చేస్తోంది. నేను పొమ్మని కసరను, అదీ కదలదు. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళయితే నన్ను వెనకేసుకొస్తారు.

పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. ఏలూరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా కొత్తగా చేరాను. ఈ పనికి ఓర్పు, నేర్పు రెండూ కావాలన్నారు. నేర్పు కాస్త అబ్బింది. ఓర్పు ఉన్నట్టు కనపడడం ఇంకా బాగా అబ్బింది.

మగవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మస్తాన్ సాహెబుగారిది. బతుకంతా తివాచీలు నేసిన మనిషి. జ్వరం తగ్గింది గాని మనసు మాత్రం మగ్గం దగ్గరికి వెళ్ళిపోయి తిరిగి రాలేదు. "నీలం రెండు" అని అరిచేవాడు. "ఇది ఆసుపత్రండీ తాతగారూ, మగ్గం కాదు" అని దిద్దేదాన్ని. ఇంత పనిరాని పిల్లని ఎవరు పెట్టారన్నట్టు చూసి, ఇంకా గట్టిగా అరిచేవాడు.

సంగతి ఆయన కూతురు ఖాసింబీ చెప్పింది. మగ్గం మీద పెద్ద నేతగాడు ఏ రంగు ముడులు ఎన్నో చెబుతాడు. పక్కనున్నవాళ్ళు ముడులు వేసి "వేశాం" అంటారు. ఆ మాట వినపడితేగాని ఆయన తర్వాతి రంగుకి వెళ్ళడు.

అప్పటినుంచి నేనూ అనడం మొదలుపెట్టాను. మందు పట్టేటప్పుడు, పక్క మార్చేటప్పుడు, గంజి తాగించేటప్పుడు. ఆయన "ఎరుపు ఒకటి" అంటే నేను "వేశామండీ" అనేదాన్ని. నోరు తెరిచేవాడు, చెంచా లోపలికి వెళ్ళేది. ఒకరోజు నా చెయ్యి తట్టి, "నీ ముడి వదులుగా ఉంటోంది తల్లీ. పరవాలేదు, నేర్చుకుంటావు" అన్నాడు. నా కొప్పు సంగతీ అంతేనని నవ్వుకున్నాను. ఆ ఆసుపత్రిలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

ఒక మధ్యాహ్నం కొల్లేటి లంకల నుంచి వాంతులతో, విరేచనాలతో మనుషులు వచ్చిపడ్డారు. అటూ ఇటూ పరుగెడుతున్నాను. ఆయన "పసుపు మూడు" అని పిలుస్తున్నాడు, పిలుస్తూనే ఉన్నాడు. పక్క మంచం ఆయన, "ఏవండీ నర్సమ్మగారూ, ఆ తివాచీ ఏదో త్వరగా కానిచ్చెయ్యండి, కాస్త దానిమీద పడుకుంటాం" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. వెళ్ళి సాహెబుగారి చెవి దగ్గర వంగాను.

"అయిపోయిందండీ. కోసేశాం. మగ్గం దిగొచ్చు."

"కోసేశారా తల్లీ?" అన్నాడు. ఆ ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం అప్పటికే వెనక్కి తిరిగాను.

తివాచీ కోసి దించిన రోజున ఇంక పని ఉండదు. చేతులు కడుక్కుని ఇంటికి పోవడమే. మగ్గం ముందు వాళ్ళు కూర్చునే పలక నేలకి జానెడు ఎత్తు. ఆయన ఆ పలక దిగినట్టే దిగాడు. మా మంచం చాలా ఎత్తు.

తుంటి విరిగింది. ఎలా పడ్డాడని డాక్టరుగారు అడిగితే, "మతి లేక లేచాడండీ" అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందా మాట? ఉద్యోగం పోతుందని భయపడ్డానా? భయపడ్డాను. కానీ ఆయన మీద ఏం చెప్పినా కాదనేవాళ్ళు ఉండరని, ఆయన కూడా కాదనలేడని, నాకు ఆ క్షణంలోనే ఎక్కడో తెలుసు, తెలిసే అన్నాను.

మళ్ళీ లేవకుండా చేతులు మంచానికి కట్టమన్నారు. కట్టింది నేనే. ఈసారి నా ముడులు వదులుగా లేవు.

ఖాసింబీ వచ్చి చూసి ఏడ్చింది. తర్వాత, "మా నాన్నకి మతి పోయిందండీ, మీరు మాత్రం ఏం చేస్తారు" అని నన్నే ఓదార్చింది. నేను ఓదార్పించుకున్నాను.

ఆయన మళ్ళీ రంగులు చెప్పలేదు. వార్డు హాయిగా నిద్రపోయింది. ఆ నిశ్శబ్దం నేనే భరించలేక, ఒకరోజు గంజి పట్టుకెళ్ళి మెల్లగా "నీలం రెండు" అన్నాను.

"కోసేశారు కదా తల్లీ," అన్నాడు ఎంతో మర్యాదగా. "మరి ఇంటికి పంపించరేం?"

ఆయన ఇంటికి వెళ్ళలేదు. ఆ మంచం మీదే పోయాడు.

ఈ మాట ఖాసింబీకి చెప్పాల్సింది. చెప్పలేదు. మీకు చెబితే ఆమెకి చెప్పినట్టు కాదని తెలుసు. అయినా ఒక్కసారి పైకి అననివ్వండి. ఆ రోజు ఆయన మతి తప్పి లేవలేదు. నేను దిగమంటే దిగాడు.