ఇంటికొక రాయి

రంగుడబ్బా పట్టుకుని ఊళ్ళోకి ఎవరొచ్చినా నేను నమ్మను. అమ్మ పుట్టింటి ఊళ్ళో ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో నంబర్లు వేశారు. ఇప్పుడక్కడ ఊరు లేదు, బొగ్గు గని ఉంది. పాము కరిచినవాడికి తాడన్నా భయమే.

రాజురా పట్నం అవతల మా ఊరి శివాలయం చుట్టూ పాతకాలపు కోటగోడ ఉంది. దోపిడీ దండులు వస్తే ఊరంతా గింజలతో, గొడ్లతో ఆ గోడ లోపలికి పోయి వాకిలి మూసుకునేదట. ఆ వాకిలికి ఇంటికొక రాయి మోశారని చెబుతారు. అందుకే విత్తనాలు వేసే ముందు ప్రతి ఇంటివాళ్ళూ తమ రాయికి పసుపు రాస్తారు. మా రాయి ఏదో అమ్మకే తెలుసు. నేనెప్పుడూ వెంట వెళ్ళలేదు.

మొన్న వేసవిలో పాత కట్టడాల బాగోగులు చూసే ఆఫీసువాళ్ళు వచ్చి, ఒరిగిపోయిన వాకిలిని విప్పి, రాయి రాయికీ ఎర్ర నంబరు వేసి గుడి ముందు పేర్చారు. మళ్ళీ ఇక్కడే నిలబెడతామన్నారు. అట్లా చెప్పనివాళ్ళెవరు?

"లారీల ఎక్కించి ఏడనో మ్యూజియంల నిలబెడతరు, అందుకే గీ నంబర్లు," అన్నాను పక్కింటి కాకాతో.

"నీకు అన్నిట్ల అనుమానమే," అన్నాడాయన. ఆయనా వాళ్ళతో కలిశాడేమో అనిపించింది. నవ్వకండి.

పనివాళ్ళూ ఊరివాళ్ళూ గడ్‌చాందూర్ బజారుకు పోయిన రోజు, పట్టపగలే, రంగు కరిగించే థిన్నర్ సీసా, గుడ్డ పట్టుకుని ఆ రాళ్ళ దగ్గర కూర్చున్నాను. నంబరు లేని రాళ్ళను ఎత్తుకెళ్ళి ఏం కట్టుకుంటారు? చిన్న వాకిలే, సాయంత్రానికి ఒక్క అంకె మిగల్లేదు. పసుపు మరకలూ పోయాయి, అది నేను పట్టించుకోలేదు. ఆ పూట అన్నం రుచిగా తిన్నాను.

మూడో రోజు లారీ వచ్చింది. నేను అనుకున్నదే అయిందనుకున్నాను. తీరా చూస్తే అందులోంచి సున్నం, ఇసుక దింపారు. ఇంజినీరు రాళ్ళ మధ్య తిరిగి తిరిగి తల పట్టుకున్నాడు. ఊళ్ళో అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ అనుమానించలేదు.

ఇంటికొకరు వచ్చి తమ రాయిని, అది ఉండే చోటును చూపితే కొంతైనా కుదురుతుందన్నాడు ఇంజినీరు. అమ్మ వచ్చింది. గాలిలో తన భుజమెత్తున చెయ్యి పెట్టి, "ఈడ ఉంటుండె మన రాయి," అంది. తర్వాత వంగి ఒక్కో రాయినీ తడిమింది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పసుపు లేదు. గిదేం వాసనరా?"

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నీ కండ్లు మంచిగున్నయ్ గద, నువ్వు చూడు," అంది.

అన్ని రాళ్ళనూ ఆ రోజు నా చేతులతోనే తుడిచాను. అందులో మాది ఏదో నాకు తెలియలేదు.