పురుగులకిచ్చిన కుంపటి

ఎండలో బతకడం మేలా, చలిలో బతకడం మేలా అని మనుమలు ఒకరినొకరు అడుగుతూ ఆడుకుంటారు. ఎండయితే చెట్టు కిందికి పోవచ్చునంటాడు ఒకడు. చలి అయితే దుప్పటి కప్పుకోవచ్చునంటుంది ఇంకొకతె. నా వంతు వచ్చేసరికి నేను లేచి అవతలికి పోతాను. తాతకు సరిగ్గా వినపడదని వాళ్లు అనుకుంటారు. వినపడుతుంది. నా ఇంట్లో ఆ రెండూ అనుభవించింది నా భార్య. ఎవరికేది దక్కాలో నిర్ణయించింది మాత్రం నేను. నేనేమో ఎండా లేని, చలీ లేని చోట పడుకున్నాను.

మాది చిలమత్తూరు పక్క పల్లె. మా పొలం గట్టు మీద నిలబడి చూస్తే కనిపించే గుట్టల అవతల కన్నడ దేశం. ఇది యాభైల చివరి సంగతి. వానను నమ్మి వేరుశనగ వేస్తే వరసగా రెండేళ్లు విత్తనాలు కూడా తిరిగి రాలేదు. సరిహద్దు అవతలివాళ్లు పట్టుపురుగులు మేపి బాగుపడుతున్నారని విని, బావి కిందున్న కాస్త మడిలో కంబళి మొక్కలు, అంటే మల్బరీ, నాటాను. ఆ ఆకే పురుగుకు మేత. ఎద్దులతో కపిల తోలి నీళ్లు పారించేవాణ్ని. వాన లేకపోయినా ఆకు వచ్చేది.

ఆకు సరే, పురుగులకు ఇల్లు కావాలి. మా ఇల్లు రెండు భాగాలు. ఒకటి మా నాయన కట్టిన మిద్దె: రాతిగోడలు, పైన మందంగా పోసిన చవుడు మన్ను. మే నెలలో కూడా అందులో కాలు పెడితే ఒళ్లు చల్లబడేది. చలికాలంలో అదే గది వెచ్చగా ఉండేది. రెండోది దానికి ఆనించి నేను జింకు రేకులతో దించిన వసారా. ఎండాకాలం మధ్యాహ్నం అందులో కూర్చుంటే పెనం కింద కూర్చున్నట్టు ఉండేది. పుష్యమాసంలో తెల్లవారేసరికి రేకుల లోపలి వైపు నీళ్లు పట్టి, చుక్కలు చుక్కలుగా పడక మీద రాలేవి. రెండు భాగాలకూ నడుమ గోడ ఉంది కానీ అది పైదాకా లేదు. మీద జానెడు సందు ఉండేది.

పురుగుకు ఎండ పడదు, చలి పడదు. అందుకని మిద్దె పురుగులకిచ్చాను. వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా పేర్చాను. వాటిని చీమలు పట్టకుండా, ఎలుకలు కొట్టకుండా ఒక మనిషి ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషిని నేనే. కావలి పేరు చెప్పి పురుగులతో పాటు మిద్దెలో నేనూ పడుకున్నాను. నా భార్యకు వసారా మిగిలింది.

ఆ ఎండాకాలం ఆమె కడుపుతో ఉంది. పురుగుల గది చల్లగా ఉండాలని వాకిలికీ కిటికీకీ గోనెపట్టలు వేలాడదీసి వాటిని తడుపుతూ ఉండాలి. బావి నుంచి ఆ నీళ్లు మోసింది ఆమే. కడవ దించి, పట్టలు తడిపి, రేకుల కిందికి పోయి కూర్చుని కొంగుతో విసురుకునేది. ఒకసారి తడిపట్ట పక్కకు తీసి లోపలికి తొంగి చూసింది.

"ఏమప్పా, ఒక తట్ట ఖాళీగా ఉండాదా?"

"ఎందుకు?"

"నన్నూ పండుకోబెట్టు. రెండు పూటలా ఆకు తింటా. గూడు కూడా కడతాలే."

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. అంతలోనే పట్ట మూసేయమన్నాను, వేడిగాలి లోపలికి వస్తుందని. ఆమె నవ్వుతూ అడిగినా, అడిగింది నిజంగానే అని నాకు అప్పుడే తెలుసు. తెలియనట్టు ఉండటం సులభమనిపించింది.

చలికాలం పంటకు గుడ్లు తెచ్చేటప్పటికి ఆమెకు నెలలు నిండుతున్నాయి. చిన్నప్పుడే తల్లి పోయింది కాబట్టి పుట్టింట్లో చూసేవాళ్లు లేరు. కాన్పు మా ఇంట్లోనే జరగాలి. ఆ పంట మానుకుందామని ఒకసారి అనిపించింది. చలికాలం గూళ్లకు ధర బాగుంటుందని మానలేదు. పురుగులు సగం ఎదిగాక రేకుల వసారాలో ఆడబిడ్డ పుట్టింది.

పట్టుపురుగు మేపే ఇళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. పురుగు దేవరతో సమానం, దానికి మైల తగలకూడదు. ముట్టయిన ఆడది గాని, బాలింత గాని ఆ గది వాకిట్లోకి రాకూడదు. పురిటి గదిలోకి పోయిన మనిషి తలకు పోసుకోకుండా పురుగును తాకకూడదు. పురిటి గదిలోకి పోయిన వస్తువు తిరిగి పురుగుల గదిలోకి రాకూడదు. దీనికి తోడు పురుగుకు పొగ పడదు. గోడ మీద సందు ఉంది కాబట్టి వసారాలో పొయ్యి పెట్టవద్దన్నాను. వంట పెరట్లోకి మార్చాను. మిద్దెలో మాత్రం రెండు బొగ్గుల కుంపట్లు ఎర్రగా కాలుతుండేవి. బూడిద కట్టిన బొగ్గుకు పొగ ఉండదు.

గోడకు ఇటువైపు నేనూ పురుగులూ కుంపట్లూ. అటువైపు బాలింతా పసిగుడ్డూ ఒక పాత కంబళీ. నా బిడ్డను నేను అప్పటిదాకా ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే తలకు పోసుకోవాలి, పోసుకుని వచ్చేలోగా పురుగులను చూసేదెవరని సాకు చెప్పుకున్నాను.

"ఇదో, ఒక కుంపటియ్యప్పా," అని రెండు మూడుసార్లు గోడ అవతల నుంచి అడిగింది. "బిడ్డ కాళ్లు మంచుగడ్డల్లెక్క ఉండాయి."

"ఆడికొచ్చిన కుంపటి మళ్లా ఈడికి రాకూడదు గదా. సంతలో ఇంకొకటి తెస్తాలే."

సంత రోజు వచ్చింది, పోయింది. పురుగులను వదిలి పోలేకపోయాను. ఎవరి చేతనైనా తెప్పించి ఉండవచ్చు. అదీ చేయలేదు.

కాన్పు చేసిన ఆమె వంకకు, అంటే ఊరి పక్క వాగుకు, అవతలి గేరి మనిషి. ఊరు అంటరానివాళ్లన్నవాళ్లు ఆ గేరిలో, వేరే వాడగా, ఉండేవాళ్లు. చాలామంది కిరస్తానీలు. మా మడిలో ఆకు కోసేదీ ఆమే. పురిటి గదికి ఎటూ మైలే కాబట్టి ఆ రోజుల్లో ఆమె వసారాలోకి రావచ్చు, పోవచ్చు. పురుడు వెళ్లి ఇల్లు శుద్ధి చేసుకున్నాక మళ్లీ రాకూడదు. మా లెక్కలు అట్లా ఉండేవి.

ఒక పొద్దున ఆమె బిడ్డకు నీళ్లు పోయడానికి వచ్చింది. కాసేపటికి గోడ అవతల నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఇది బిడ్డా, బాయిలోనుంచి తీసిన రాయా? ఎప్పటినుంచి పాలు తాగలేదు?"

"నిన్న మాపటినుంచి నోరు పట్టలేదు," అంది నా భార్య.

ఆమె ఇంటి చుట్టూ తిరిగి మిద్దె వాకిలి దగ్గరికి వచ్చి, దూరంగా పెరట్లోనే నిలబడింది.

"సామీ, ఒక కుంపటియ్యి."

"నీకు తెల్దా? మైల సోకిన కుంపటి లోపలికి రాదు."

"రాకుంటే ఆన్నే ఉండనీ. కుంపట్లు కరువా?"

"పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి," అన్నాను. పురుగు మేత మాని, తల పైకెత్తి కదలకుండా ఉండి పొర విడిచే సమయాన్ని మా పక్క జ్వరమంటారు. "ఇప్పుడు గది సల్లబడితే పంటంతా పోతాది."

"బిడ్డ సల్లబడితే?"

నేను తట్టల వైపు తిరిగాను.

"సరే, నేను మా కొట్టానికి తీసకపోతా. మా యింట్లో పగలూ రేత్రీ మంటుంటాది. నీ మాదిరి మాకు పురుగుల్లేవు సామీ, ఉత్త మనుషులమే."

నా భార్య ఆ గేరికి పోతుందని నేను అనుకోలేదు. మా ఇళ్లలో ఆడది ఆ వంక దాటడమంటే మాటలు కాదు. కానీ ఆమె బిడ్డను కంబళిలో చుట్టుకుని వసారా బయటికి వచ్చింది. కాన్పయిన మనిషి, గోడ పట్టుకుని నడుస్తోంది.

"ఏమ్మే, యాడికి? ఆడికి పోతే మళ్లా ఈ గడప..." అని ఆగిపోయాను.

"గడప లోపల ఉండేది పురుగులు," అంది నా వైపు చూడకుండా. "అవి రమ్మంటే వస్తాలే."

ఇద్దరూ పోతుంటే వాకిట్లో నిలబడి చూశాను. వంకలోకి దిగేచోట ఆ మనిషి బిడ్డను తాను తీసుకుని, రెండో చేత్తో నా భార్యను పట్టుకుని దింపింది. నాలుగు అంగలు వేస్తే అందుకునేవాణ్ని. వేయలేదు. ఆ క్షణంలో నా మనసులో ఏముందో ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. దుఃఖం కాదు, కోపమూ కాదు. మైల ఇల్లు విడిచి పోయింది, ఇక పంటకు భయం లేదు అన్న ఊరట. అదే మొదట కలిగింది. మిగతావన్నీ తర్వాత నేను తెచ్చుకున్నవి.

పురుగులు జ్వరం నుంచి లేచాయి. ఆకలి మీద లేచిన పురుగులు ఆకు తింటుంటే తట్టల్లో వాన పడినట్టు చప్పుడవుతుంది. వాన ఎరగని మా ఊళ్లో ఆ చప్పుడు వింటూ పడుకుంటే హాయిగా ఉండేది. హాయిగానే పడుకున్నానని రాయడానికి ఇప్పుడు చేయి ఆడటం లేదు, అయినా నిజం అదే. బిడ్డ పాలు తాగుతోందని ఆకు కోసేవాళ్లు కబురు చెప్పారు. ఊఁ అన్నాను. ఒకడు మాత్రం మోపు దించుతూ, "ఏమన్నా, ఒకపారి పోయి సూడరాదా? వంక దాటితే ఏమన్నా కరుస్తాదా?" అన్నాడు. పురుగులను ఎవరు చూస్తారన్నాను. "అవునవును, పురుగులకు నాయన గదా నువ్వు," అని పోయాడు.

పంట బ్రహ్మాండంగా వచ్చింది. పురుగులు చెడిపోయి ఉంటే, తప్పు చేశాను కాబట్టి అనుభవించానని తృప్తి పడేవాణ్నేమో. అట్లా జరగలేదు. ప్రతి పురుగూ గూడు కట్టింది. సరిహద్దు అవతలి సంతలో నా గూళ్లను చేతుల్లోకి తీసుకుని చూసి మెచ్చుకున్నారు. మైలను బయటికి పంపాడు, దేవర ఇంట్లోకి వచ్చిందని ఊళ్లో చెప్పుకున్నారు. ఆ మాట తప్పని నేను అనలేదు.

సంత నుంచి వస్తూ కొత్త కుంపటి, మెత్తటి కంబళి కొన్నాను. గది కడిగించి, వసారా అలికించి, పసుపునీళ్లు చల్లించి, అప్పుడు ఇంటికి రమ్మని కబురు పంపాను. నేను పోలేదు.

మధ్యాహ్నానికి వచ్చారు. ముందు ఆ మనిషి బిడ్డను ఎత్తుకుని, వెనక నా భార్య. బిడ్డ ఒళ్లు చేసింది. ఆ మనిషి పెరట్లో ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, బిడ్డను రెండు చేతుల మీద ముందుకు చాపింది.

"పట్టుకో సామీ. నీ సొమ్ము నీకు అప్పజెప్పినా."

ఇల్లు అప్పుడే శుద్ధి అయి ఉంది. ఆ గేరివాళ్ల చేతిలోంచి మేము ఏదీ నేరుగా తీసుకునేవాళ్లం కాదు. కింద పెడితే తీసుకునేవాళ్లం. పుట్టినప్పటి నుంచీ అలవాటైన మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"ఆ బండ మీద పెట్టు."

ఆమె బండ వైపు చూసింది. గోడ నీడలో ఉన్న రాతిబండ.

"బండ సల్లగుండాది సామీ," అంది మెల్లగా. ఎగతాళి కూడా చేయలేదు. చేసి ఉంటే బాగుండేది.

ఆమె బిడ్డను పెట్టలేదు. తానే ఆ బండ మీద కూర్చుని బిడ్డను ఒళ్లో వేసుకుంది. నా భార్య పోయి ఆమె పక్కన కూర్చుంది. నేను గడప మీదే ఉన్నాను.

"దప్పికయితాండాది," అంది ఆ మనిషి. "రోన్ని నీళ్లన్నా పొయ్యి సామీ."

లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాను. ఆమె బిడ్డను నా భార్య ఒళ్లోకి మార్చి, లేచి కాస్త వంగి దోసిలి నోటి దగ్గర పెట్టుకుంది. చెంబు తగలకుండా ఎత్తి పట్టుకుని, ఎప్పటిలాగే పైనుంచి పోశాను. నా బిడ్డను బతికించిన చేతుల్లోకి నీళ్లు అట్లా పోశాను. ఆమె తాగి, మూతి తుడుచుకుని, పక్కకు జరిగింది.

నా భార్య బిడ్డను ఆమెకిచ్చి లేచి నిలబడింది. నడుం వంచి, అదే విధంగా దోసిలి పట్టింది.

"నాకూ పొయ్యి."

"నువ్వు లోపలికి రామ్మే. చెంబు చేతికిస్తా."

"ఈన్నే పొయ్యి. ఇంగా నేను తానం జెయ్యలేదు గదా. చెంబుకు తగులుతాది."

నేను చెంబు ఎత్తి పట్టుకున్నాను. అప్పుడైనా కిందికి దించి, ఆమె చేతికి ఇచ్చి ఉండవచ్చు. ముందు ఆ మనిషి చేతికి, తర్వాత ఆమెకు. దించలేదు. పైనుంచే పోశాను. నా భార్య చెంబు ఖాళీ అయ్యేదాకా తాగింది.