పడటం నేర్పే మాస్టారు

మా అక్క మొగుణ్ణి అందరూ బ్రేకు మాస్టారు అంటారు. ఇరవై ఏళ్ళ పాటు డ్రైవింగ్ స్కూల్ కారులో పక్క సీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్ళు తొక్కకూడనిది తొక్కిన ప్రతిసారీ తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు తొక్కుతూ బతికిన మనిషి ఆయన. ఇంట్లో భోంచేసేటప్పుడు ఎవరైనా గట్టిగా అరిచినా బావ కుడికాలు నేలని నొక్కేది. అలాంటివాణ్ణి రోడ్డు పక్కన ఊరికే నిలబడి ఉండగా ఓ కారు గుద్దేసింది. నడిపింది ఎవరయ్యా అంటే, బావ దగ్గర నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్న ఘనుడే. తుంటీ తొడా ముక్కలయ్యాయి. ఆపరేషన్ అయి మెలకువ వచ్చాక బావ అన్న మొదటి మాట, "వెనక్కి తీసేటప్పుడు అద్దం చూడమని చెప్పానా, లేదా?"

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. ఆ కష్టం పేరు మా అక్క. బావ మంచం మీద నుంచి కాలు కింద పెడితే చాలు, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా వదిలేసి పరుగెత్తుకొచ్చి చంక కింద చెయ్యి వేసేది. నీళ్ళు కావాలని అడగక ముందే గ్లాసు నోటి దగ్గరికి వచ్చేది. ఆఖరికి బాత్రూం తలుపుకి లోపలి గడియ కూడా ఊడబీకించింది.

"పడితే ఎలా అండీ?" అనేది.

"పడితే లేస్తాను."

"ఎలా లేస్తారు?"

ఆస్పత్రిలో నిలబడటం నేర్పారు, కర్ర పట్టుకుని నడవటం నేర్పారు. పడితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. పడకండి అని మాత్రం చెప్పారు, అదేదో మన చేతిలో పని అయినట్టు.

నేను ఆ ఆస్పత్రి వెనకాల ఉన్న సహాయ కేంద్రంలో గుమాస్తాని. రోడ్డు ప్రమాదాల్లో బాగా దెబ్బలు తగిలి ఇళ్ళకు చేరినవాళ్ళు గురువారం గురువారం అక్కడ కలుస్తారు. ఒకప్పుడు దుప్పట్లు ఉతికిన గది. గోడలకి ఇప్పటికీ సబ్బు వాసనే. ఇంట్లో కూర్చుని అక్కతో పోట్లాడే బదులు అక్కడికి రమ్మని బావని లాక్కెళ్ళాను. మూలన ఉన్న పాత పరుపులు చూసి ఆయనకి బుర్రలో ఏదో వెలిగింది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయిని పక్కన పెట్టుకుని, ఆ పరుపుల మీద పడి, లేచి, మళ్ళీ పడి, పడటానికి ఒక పద్ధతి కనిపెట్టాడు. తర్వాత అదే పాఠం అయింది.

"చేతులు చాచకు, మణికట్టు పోతుంది. పక్కకి ఒరిగిపో. పడ్డావా? తొందరేం లేదు, నేల ఎక్కడికీ పారిపోదు. ముందు ఊపిరి పీల్చుకో. ఎక్కడ నొప్పో చూసుకో. పక్కకి దొర్లు. మోచెయ్యి, తర్వాత మోకాలు, తర్వాత కుర్చీ. బాగున్న కాలు ముందు. ఆ, క్లచ్ వదిలినట్టు మెల్లిగా!"

పడతానన్న భయంతో గడప దాటడం మానేసిన ఒక బడి పంతులమ్మ ఆ పరుపు మీద పడి, నవ్వు ఆపుకోలేక లేవడం మర్చిపోయింది. పరంజా పనికి పోతూ లారీ కింద పడ్డ తాపీమేస్త్రీ, "నన్ను ముందే మీ దగ్గరికి పంపాల్సింది మాస్టారూ," అన్నాడు. గురువారం ఒక్క రోజు బావ మళ్ళీ మాస్టారు. మిగతా రోజులన్నీ ఇంట్లో రోగి. ఆ గది పోతే ఆయనకి ఆ ఒక్క రోజూ ఉండదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

గది గ్రాంటు మీద నడుస్తోంది. ఆ గ్రాంటు గడువు అయిపోవచ్చింది. కొత్తది రాకపోతే విరిగిన మంచాలు పెట్టుకోవడానికి గది తీసేసుకుంటామని ఆస్పత్రివాళ్ళు కబురు పెట్టారు. మా కేంద్రం డాక్టరుగారు మంచివాడు, కానీ రెండు పడవల మీద కాళ్ళు పెట్టడంలో దిట్ట. పరిశోధనకి డబ్బిచ్చే సంస్థ ఒకటి, బాధితుల సహాయానికి డబ్బిచ్చే నిధి ఒకటి, రెండింటికీ దరఖాస్తు పెట్టాడు. మొదటిదానిలో మా బావ అద్భుతంగా కోలుకున్న మనిషి. రెండోదానిలో నిత్యం ఒకరి ఆసరా లేనిదే గడవని మనిషి. రెండూ టైపు చేసింది నేనే, ఒకే మధ్యాహ్నం, ఒకే కుర్చీలో.

రెండు చోట్ల నుంచీ చూసిపోవడానికి ఒకే రోజు, అదీ గురువారమే, వస్తామన్నారు. డాక్టరుగారు బావని పిలిచి నచ్చజెప్పాడు. పొద్దున పరిశోధన పెద్దమనిషి వస్తాడు, ఆయన ముందు నడవాలి. మధ్యాహ్నం సహాయ నిధి మేడమ్ వస్తుంది, ఆమె ముందు వీల్‌చైర్‌లో కూర్చోవాలి.

"పొద్దున ఫస్టు గేరు, మధ్యాహ్నం పార్కింగు. అంతేగా?" అన్నాడు బావ. నవ్వాడు కానీ మొహం చిన్నబోయింది. నాకు డాక్టరు మీద ఒళ్ళు మండింది. అయినా గది నిలబడాలంటే ఏం చేస్తాం?

కుటుంబ సభ్యులు కూడా కనిపిస్తే బాగుంటుందన్నారని ఆ రోజు అక్క కూడా వచ్చింది. ఆ గదిలో అడుగు పెట్టడం ఆమెకి అదే మొదటిసారి. పొద్దున రావాల్సిన పెద్దమనిషి ఎంతకీ రాలేదు. దారిలో ఏదో యాక్సిడెంటట, ట్రాఫిక్ ఆగిపోయిందట. "ఈ రోడ్ల మీద వీళ్ళకి బొత్తిగా బాధ్యత లేదు," అని విసుక్కుంటూ ఆయన లోపలికి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. ఆయన వెనకాలే మేడమ్ కూడా వచ్చింది.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. డాక్టరుగారు ఒక కంటితో లేవమంటాడు, ఇంకో కంటితో కూర్చోమంటాడు. బావ పెద్దమనిషి కోసం కర్ర పట్టుకుని చక్కగా నాలుగడుగులు వేశాడు. మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. డాక్టరుగారు కంగారుగా వీల్‌చైర్ తోసుకొచ్చి బావ వెనకాల పెట్టి, భుజం నొక్కాడు. బావ కూర్చోబోయాడు. కుర్చీ తన దారిన వెనక్కి పోయింది. బావ నేల మీద పడ్డాడు, పరుపు లేని చోట.

అక్క కెవ్వుమంది. అందరం ఒక్కసారే ముందుకు ఉరికాం.

"ఎవరూ రావద్దు," అన్నాడు బావ నేల మీద నుంచే.

ఊపిరి పీల్చుకున్నాడు. పక్కకి దొర్లాడు. మోచెయ్యి, మోకాలు. ఆ పాడు కుర్చీనే దగ్గరికి లాక్కుని, దాని బ్రేకు వేసి, దాన్నే పట్టుకుని లేచి నిలబడ్డాడు. చెమటలు కారిపోతున్నాయి. "డాక్టరుగారూ, బండి ఆపాక బ్రేకు వెయ్యాలండీ," అన్నాడు. గురువారం జనమంతా చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది.

వచ్చినవాళ్ళిద్దరూ రాసుకున్నారు. తర్వాత ఇద్దరి దగ్గర నుంచీ జవాబులు వచ్చాయి. మనిషి పడిపోయాడు కాబట్టి కోలుకున్నట్టు రుజువు లేదు, డబ్బు ఇవ్వలేమని పరిశోధనవారు. మనిషి తనంతట తానే లేచాడు కాబట్టి అంత అవసరం కనబడటం లేదు, డబ్బు ఇవ్వలేమని సహాయనిధివారు. మంచాలు గదిలోకి వచ్చాయి. వాటికి ఏ దరఖాస్తూ అక్కర్లేకపోయింది.

బావ అలా పడి లేచిన రోజు ఇంటికి వచ్చాక అక్క చేసిన గొడవ ఇంతా అంతా కాదు. "లేవడం వచ్చి కూడా ఇన్నాళ్ళూ నాతో లేపించుకున్నారా? నడుం పడిపోయిందండీ నాకు!" అని ఏడుస్తూ అరిచింది.

"లేవనిచ్చావా?" అన్నాడు బావ.

మర్నాడు అక్క బాత్రూం తలుపుకి గడియ పెట్టించింది. కొన్నాళ్ళకి, గది పోయిందని దిగాలుగా కూర్చున్న బావని చూడలేక, ముందు గదిలో మంచం ఎత్తించి పరుపు కింద పరిచింది. "మీ వాళ్ళని రమ్మనండి. నేను మాత్రం చూడలేను," అంది. గురువారం పంతులమ్మా మేస్త్రీ ధబ్ ధబ్‌మని పడుతుంటే ఆమె వంటింట్లో తలుపు వేసుకుని కూర్చునేది.

ఇంతలో మా కేంద్రానికి గ్రాంటు వచ్చింది. నిజంగానే వచ్చింది. క్షతగాత్రులకి సాయం ఆగిపోతే వాళ్ళ కుటుంబాలు ఏమవుతాయి అన్న విషయం మీద పరిశోధన చెయ్యడానికట. గదికి కావాల్సినదానికి మూడింతలు డబ్బు. డాక్టరుగారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకు తెలిసింది, ఆయన ఎదురుగానే నవ్వాను.

ఆ పరిశోధన ప్రశ్నలు పట్టుకుని ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మర్యాదస్తురాలు, చెప్పులు విప్పి వచ్చి కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. బావ ఆమెకి మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళాడు.

"గది మూసేశాక ఆయన్ని చూసుకోవడంలో మీకు భారం పెరిగిందాండీ?" అని అక్కని అడిగింది. "బాగా పెరిగింది, కొద్దిగా పెరిగింది, తేడా లేదు. ఏది రాసుకోమంటారు?"

అక్క నోరు తెరిచేలోగా వంటింట్లో ధబ్బుమంది. గ్లాసు దొర్లిన చప్పుడు. ఆ అమ్మాయి గభాలున లేచింది. నేనూ సగం లేచాను. అక్క లేవలేదు. రెండు చేతులతో కుర్చీని పట్టేసుకుంది.

"కూర్చోమ్మా," అంది.

"ఆయన పడిపోయినట్టున్నారండీ!"

"ఆ, పడ్డారు. కూర్చో. ఆయన లేచేదాకా నాకు మాట రాదు. లేచాక అడుగు, చెప్తాను."

కూర్చున్నాం. లోపల స్టూలు నేల మీద గీరుకుని ఆగింది. మళ్ళీ గీరుకుంది. అక్క పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి: పక్కకి, మోచెయ్యి, మోకాలు. కళ్ళలోంచి నీళ్ళు కారి చీర మీద పడుతున్నాయి, తుడుచుకోవాలంటే కుర్చీ వదలాలి కదా.

"నీళ్ళొలికాయి, అంతే," అని బావ గొంతు వినిపించింది. "తుడిచే గుడ్డ ఎక్కడుంది?"

"తలుపు వెనకాల," అంది అక్క. కుర్చీ వదిలి, మొహం తుడుచుకుని, ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ఇప్పుడడుగమ్మా."