పద్మలత వేసిన కుర్చీ

పద్మలత కాపురం గురించి పంచాయితీ జరిగిన రోజు పద్మలత ఆ గదిలో లేదు. శామీర్‌పేట చెరువు పక్క బస్తీలో, చేపలు పట్టే కులపోళ్ల సంఘం గది అది. లోపల మగవాళ్లు గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆడమనిషి తరఫున మేనమామ మాట్లాడాలి, ఆమె నోరు విప్పకూడదు అన్నది అక్కడి రివాజు. తలుపు బయట, చెప్పులు విడిచిన చోట, తల్లి పక్కన కూర్చుని పద్మలత తన బతుకు గురించి వాళ్లు చెప్పుకుంటున్నది విన్నది. మొగుడు కొట్టిన సంగతి మేనమామకు చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. అందుకని ఆ మాట లోపల ఎవరి నోటా రాలేదు. "పొల్ల జర మొండిది" అన్న మాట మాత్రం వచ్చింది. విడిపోయినట్టు బాండు కాగితం రాసి బయటికి తెచ్చారు. సంతకం పెట్టమన్నారు. పెట్టింది.

అప్పటికి ఆమె లా చదువుతోంది.

"చదివిందేదీ గుర్తుకు రాలే. మా అమ్మ మొకమే కండ్ల ముంగట ఉండె" అంటుంది ఇప్పుడు. అలాంటి ఆచారం తమ కులంలో ఉందని కోర్టులో రుజువు చేస్తే తప్ప, ఆ బాండు కాగితంతో విడాకులు అయినట్టు కాదు. ఆ సంగతి తెలిసొచ్చాక పద్మలత కోర్టుకు వెళ్లి విడాకుల కేసు మళ్లీ మొదటి నుంచీ నడిపించుకుంది.

మేడ్చల్ బస్సు డిపో వెనక సందులో, సిమెంటు దుకాణం పైగదిలో ఇప్పుడు ఆమె వకీలు ఆఫీసు. అన్నీ కుటుంబ కేసులే. సుచిత్ర అపార్టుమెంట్ల నుంచి కారులో వచ్చేవాళ్లూ, దూలపల్లి ఫ్యాక్టరీల నుంచి షేర్ ఆటోలో వచ్చేవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అందరూ మొగుణ్ని తిట్టడంతోనే మొదలుపెడతారు. చాయ్ వచ్చేదాకా పద్మలత అడ్డు చెప్పదు. తర్వాత ఒక్కటే అడుగుతుంది.

"ఆయనకేం గావాలెనో తర్వాత జూద్దాం. నీకేం గావాలె?"

చాలామంది తడబడతారు. ఆ ప్రశ్న వాళ్లను అంతకుముందు అడిగినవాళ్లు ఉండరు.

నిరుడు ఎండాకాలం వచ్చిన సాయిప్రియ మాత్రం తడబడలేదు. "బబ్లూ గావాలె" అంది. బబ్లూ ఆమె నాలుగేళ్ల కొడుకు. దూలపల్లిలో పనిచేసే మొగుడు ధర్మేందర్ ఆమెను పుట్టింటికి తోలేసి పిల్లవాణ్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆదివారం పంచాయితీ. సాయిప్రియ అప్పటికే ఒక పథకం వేసుకుని ఉంది.

"రేపు అంగన్‌వాడీ కాడికి పోత మేడం. పోరన్ని సంకనేసుకోని ఆటో ఎక్కుత."

"ఎక్కినంక?"

"ఎక్కినంక ఏముంది, ఇంటికొస్త."

"ఎల్లుండి ఆయనొచ్చి గుంజుకపోతడు. మళ్ల నువ్వు పోతవ్. పోరడేమన్న చాపల వలనా, అటొకలు ఇటొకలు వట్టి గుంజనీకి?"

పక్కన కూర్చున్న సాయిప్రియ తల్లి ఐలమ్మకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. శామీర్‌పేట రోడ్డు పక్కన చేపలమ్ముకునే మనిషి ఆమె.

పద్మలత నెమ్మదిగా చెప్పింది. పిల్లవాణ్ని ఎత్తుకొస్తే రేపు జడ్జి ముందు దాన్నే నీకు అడ్డం పెడతారు. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టమే చెబుతోంది, కాబట్టి అడగాల్సిన చోట అడుగుదాం. కోపం వచ్చినా ఫోనులో తిట్లు పంపకు. అతను పంపితే తుడిచెయ్యకు. పంచాయితీలో ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టకు.

"పెట్టకుంటె కులపోళ్లు ఊకుంటరా? మా తమ్ముడు పరమేష్ మాట్లాడుతడు గద" అంది ఐలమ్మ.

"పరమేష్ ఎన్నడన్న బబ్లూకు బువ్వ తినిపించిండా?"

"యాడిది."

"మరి ఏమని మాట్లాడుతడమ్మా?"

ఆదివారం పద్మలత ఆఫీసు మూసి వాళ్లతో వెళ్లింది. అదే గది. నడుమ కూర్చున్నది పెద్దమనిషి మైసయ్య. ఆనాడు బాండు కాగితం బయటికి తెచ్చి ఆమెకు అందించింది ఆయనే. పద్మలత వరండాలోంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆయన పక్కనే వేసింది.

"కూసో బిడ్డా" అంది సాయిప్రియతో.

"వకీలమ్మా, గిది కోర్టు గాదు. ఆడోళ్లు లోపల కూసునే రివాజు లేదు" అన్నాడు మైసయ్య.

"ఎర్కనే పెద్దనాయినా. గా తలుపు కాడ నేను గూడ కూసున్న. అప్పుడు మీరు అడగలే, నేను జెప్పలే. ఇయ్యాల పొల్లనే అడుగుండ్రి. నేను వాదించనీకి రాలే."

బయటికి వెళ్లి, చెప్పుల పక్కన ఐలమ్మ దగ్గర కూర్చుంది. ఏ వకీలైనా అక్కడ నిలబడి నాలుగు సెక్షన్లు చదవాలనుకుంటారు. తాను మాట్లాడితే మేనమామ చోట వకీలు వచ్చినట్టే అవుతుందని పద్మలతకు తెలుసు.

"వకీలును దెచ్చుకున్నంక ఇగ నాతోని ముచ్చటేంది? కాగితం రాయిండ్రి, పోరడు నా కాడనే ఉంటడు" అన్నాడు ధర్మేందర్.

సాయిప్రియ ఆ కుర్చీలో కూర్చునే జవాబు చెప్పింది. "ఇడిసిపెట్టుడు గురించి నేనిప్పుడు మాట్లాడ. బబ్లూ నాకు గావాలె. ముసురు వడితె వానికి దగ్గు లేస్తది, కూసోవెట్టి ఆవిరి వట్టాలె. గీ ముచ్చట ఈడ ఎవరికన్న తెల్సా?"

"నాకైతె తెల్వది" అన్నాడు పరమేష్, తల దించుకుని.

"నేను సంతకం వెట్ట" అంది సాయిప్రియ.

మైసయ్య పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "పొల్ల వెట్టనంటాంది. ఇగ కోర్టులనే తేల్చుకోండ్రి."

న్యాయసేవాధికార సంస్థ ద్వారా పద్మలతే ఆ కేసు నడిపింది. తుది తీర్పు వచ్చేదాకా బబ్లూ తల్లి దగ్గరే ఉండాలనీ, ఆదివారాలు తండ్రి తీసుకెళ్లవచ్చనీ కోర్టు చెప్పింది. కోర్టు వరండాలో ధర్మేందర్ ఎదురుపడితే పద్మలత మర్యాదగానే పలకరిస్తుంది. "టైముకు రా తమ్మీ, పోరడు పొద్దుగాల్నే తయారై గేటు కాడ నిలవడుతాండట" అంటుంది.

ఇది చదువుతున్నవాళ్లలో పంచాయితీలకు పిలుపు వచ్చేవాళ్లుంటారు, సాక్షి సంతకాలు పెట్టేవాళ్లుంటారు. ఈసారి పిలిస్తే, ఎవరి కాపురం గురించి మాటలు నడుస్తున్నాయో ఆ మనిషి ఎక్కడ కూర్చుందో ముందు చూడండి. తలుపు బయట ఉంటే లేచి మీ కుర్చీ ఇవ్వండి. ఆమె కాగితం వద్దంటే మీరూ సాక్షి సంతకం పెట్టకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా, కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. అక్కడిదాకా ఒక్కసారి ఆమెకు తోడు వెళ్లండి.