బెల్టు దిగిన శనివారం

వారమంతా బడి వంటశాలలో పిల్లలకు బీన్స్ వడ్డించే వెర్లీన్, శనివారం సాయంత్రం మాత్రం తూర్పు టెన్నెసీ మహిళల కుస్తీ చాంపియన్. ఆ కుస్తీ ప్రదర్శనల్లో తొమ్మిదేళ్లుగా జనం తిట్టడానికే టికెట్టు కొనుక్కునే దుష్టురాలి వేషం ఆమెది. మోకాలికి గుడ్డ చుట్టుకుని, కట్టుడుపళ్లు తీసి రుమాల్లో మూటకట్టిగాని బరిలోకి దిగదు. ఆ శనివారం ఆమె ఓడిపోవాలని నిర్వాహకుడు ముందే తేల్చేశాడు. గెలవాల్సింది ఆమె దగ్గరే పట్లు నేర్చుకున్న డార్లా. తీరా ఆట మధ్యలో తాళ్లమీంచి దూకిన డార్లాకు భుజం కీలు తప్పింది.

రిఫరీ వంగి, "ఆపేద్దాం వెర్లీన్, చాంపియన్ బెల్టు నీ దగ్గరే ఉంటుందిలే" అని గొణిగాడు. ఒక్క క్షణం ఆమెకు ఆశ పుట్టింది. డార్లా కళ్లనిండా నీళ్లు. వెర్లీన్ ఆ పిల్లను బాగున్న చేయి పట్టి తన మీదికి లాక్కుని, వెల్లకిలా పడింది.

"బరువంతా నామీద వెయ్యవే."

"నొప్పిగా ఉందక్కా!"

"మూడు లెక్కపెట్టేదాకా ఓర్చుకో."

వెర్లీన్ భుజాలు నేలకు ఆని ఉండగానే రిఫరీ మూడోసారి నేల చరిచాడు; డార్లా గెలిచింది. "తగిన శాస్తి జరిగిందే, రాక్షసీ!" అని ముందువరసలో ఒక ముసలమ్మ కేకేసింది. ఒంటిచేత్తో బెల్టు పెట్టుకోలేక డార్లా అవస్థ పడుతోంది. దగ్గరికెళ్లి కట్టాలనిపించింది వెర్లీన్‌కు. కానీ దుష్టురాలు అలా చేయకూడదు. జనానికి పిడికిలి చూపించి, నోరారా తిడుతూ వెళ్లిపోయింది.