సున్నం రాళ్ల దారి

మా ముత్తాత రాఘవయ్యగారు గ్రామ మునసబు. తాతగారికి చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. మా ఊరి కొండ కింద మిరప పొలాలు చాలావరకు ఆయనవే. నేను అటవీ శాఖలో రేంజి ఆఫీసరుగా జీతానికి పనిచేశాను. పదవీ విరమణకు ముందు ఏడాది, కళ్లాల్లో మిరపకాయలు ఆరుతున్న రోజుల్లో, ఆ కొండ మీదే సైకిల్ పోటీకి దారి తనిఖీ చేసే పని నాకు అప్పగించారు.

రిజర్వు అడవిలో ఇలాంటి పోటీకి రేంజి ఆఫీసరు నివేదిక ఇస్తేనే పై అధికారి అనుమతిస్తారు. దారి ఒక్క సైకిలు పట్టేంత వెడల్పు. కొండ కొమ్ము నుంచి పొలాల దాకా ఏకబిగిన దిగుడు. సైకిల్ క్లబ్బు నడిపే చైతన్య దారి పొడవునా సున్నం పూసిన రాళ్లు పెట్టించాడు. కింద జీపులో కూర్చుని సంతకం పెట్టడం మా ఇంటి పద్ధతి కాదు. సైకిలు అడిగాను.

“ఈ వయసులో ఎందుకు సార్? వీడియో తీసి చూపిస్తానుగా,” అన్నాడు. నా మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

సీటు మీంచి వెనక్కి జరిగి, బరువంతా వెనక చక్రం మీద వేసి దిగాను. కంకర జారుతోంది. బ్రేకులు పట్టిన వేళ్లు తిమ్మిరెక్కాయి. సగం దిగాక తెల్లరాళ్లు కుడికి తిరిగాయి. అటు తుప్పలు కొట్టిన ఆనవాలు లేదు, చక్రం జాడ లేదు. ఆగి, నడిచి వెళ్లి చూస్తే పాత క్వారీ గొయ్యి. వేగంగా వచ్చినవాడు బతకడు.

“నిన్న రాళ్లు ఎడమకే ఉన్నాయి సార్, ఒట్టు!” అన్నాడు నా వెనకే దిగివచ్చిన చైతన్య. నేను నమ్మలేదు. ఎడమ దారికి అడ్డంగా పచ్చి ముళ్లకంప ఉంది. దాన్ని ఈడ్చిన గీత వెంట దిగితే కొండ కింద మిరప రైతు కోటయ్య కళ్లం వచ్చింది.

“నేనే జరిపానండి,” అన్నాడు కోటయ్య, కాయలు తిరగేస్తూనే. “సున్నం రాయంటే సర్వే హద్దని మాకు తెలియదా? మునసబుగారి మునిమనవడు ఉద్యోగం దిగేలోపు పాత పొలం లాక్కుంటాడని ఊరంతా అంటన్నారు. సైకిల్ పందెమంట! కొండ మీద ఎవడన్నా సైకిలు తొక్కుతాడా?”

“గట్టిగా అనమాకయ్యా, ఆఫీసరుగారు,” అంది భార్య. “ముందాయన్ని కాయలు తొక్కకుండా నిలబడమను,” అన్నాడతను.

రాళ్లు తన పొలం వైపు రాకూడదనే క్వారీ వైపు తిప్పాడు. మనుషులు అటు దూసుకొస్తారని అతనికి తెలియదు. కేసు రాయవచ్చు. రాస్తే ఊరి అనుమానమే నిజమవుతుంది. రాళ్లన్నీ ఏరించి, చెట్లకు నీలం గుడ్డపీలికలు కట్టించాను. పోటీ ముగింపును అడవి హద్దు లోపలికే మార్చాను. పోటీనాడు అందరికంటే ముందు నేనే మరోసారి దిగి చూశాను.

గుర్తు పెట్టే ముందు, అక్కడివాళ్లు దాన్ని దేనికి వాడతారో కనుక్కోవాలి. పెట్టాక, అది పెట్టినచోటే ఉందని నమ్మకూడదు.

కోటయ్య పొలం ఒకప్పుడు మా తాతగారిదే. మిల్లు అమ్మిన ఏడాదే మా నాన్నగారు దాన్ని కోటయ్య తండ్రికి అమ్మేశారు.