నేను పంచిన గొడుగుబొమ్మల సంచులు

మంచి పని చేసినందుకు మిమ్మల్ని ఎప్పుడైనా గవర్నమెంటు జీపులో ఎక్కించుకొని పోయినారా? నన్ను ఎక్కించుకొని పోయినారు! మొన్న ఆదివారం పొద్దున, హోసూరు ఉళవర్ సందై, అదే రైతుబజారు, గేటు ముందర, కూరగాయలకి వచ్చిన జనమంతా చూస్తా ఉండగా. జీపు ఎక్కేటప్పుడు నేను నవ్వుతా ఉన్నాను కూడా. ఎందుకో తెలుసా? సన్మానం చేసేదానికి పిల్చుకొని పోతా ఉండారు అనుకొన్నాను!

ఉండండి, మొదట్నుంచీ చెప్తాను. ఎక్కడ తప్పు చేసినానో నాకే ఇంకా సరిగ్గా అర్థం కాలేదు.

మా వీధిలో మునెమ్మ అని ఒకామె ఉండాది. ఒక్క ఆవు పెట్టుకొని నాలుగిండ్లకి పాలు పోస్తాది. పోయిన నెల ఆ ఆవు కడుపు ఉబ్బి, కాళ్లు చాపేసి పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చి కడుపు కోసి చూస్తే లోపల ఏముండాది? కవర్లు! టమాటా కవరు, ఇడ్లీ పార్సిల్ కవరు, పూల కవరు... బకెట్టు నిండా తీసినాడు. ఒక కవరు మీద అంగడి పేరు కూడా చెరగలేదు. నెల నెలా నేను పప్పులు కొనే అంగడి అది! ఆవు బతికింది గానీ, నాకు రెండు దినాలు అన్నం గొంతు దిగలేదు.

నేను తెలుగు మీడియం ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. "ప్రపంచం బాగుపడల్లంటే పెద్దోళ్లు ఎవరో రానక్కర్లేదు పిల్లలూ, మన చేతిలో అయ్యేది మనం చేస్తే చాలు" అని క్లాసులో పదిసార్లు చెప్పి ఉంటాను. చెప్పేది సులభం. చేసేదెవరు? సరే, ఇంట్లో కుట్టుమిషను ఉండాది, క్వార్టర్లీ లీవులు వచ్చినాయి. గుడ్డ సంచులు కుట్టి సందైలో ఊరికే పంచుదామని తీర్మానం చేసుకొన్నాను.

బజారులో మాకు తెలిసిన శెట్టిగారి గుడ్డలంగడి ఉండాది. "చవగ్గా, గట్టిగా ఉండేది ఏదైనా ఇవ్వండి" అని అడిగినాను. ఆయన అటక మీద నుంచి ఒక తాను దించి దుమ్ము దులిపినాడు. పసుప్పచ్చ కర్టెను గుడ్డ. దాని నిండా ఎర్ర గొడుగులు!

"మూడేండ్లుగా దీన్ని ఒక్కరూ ముట్టలేదు టీచరమ్మా. మీరు పట్టుకొని పోతే మీకు పుణ్యం, నాకు అటక ఖాళీ" అన్నాడు.

నాలుగు దినాలు ఇల్లు కదల్లేదు నేను. కుట్టిందే కుట్టింది. బయట ఆటోల్లో మైకులు అరుస్తా పోతా ఉండినాయి, మున్సిపాలిటీ ఎలక్షన్లు కదా! మిషను చప్పుడులో ఎవరు ఏమి అరుస్తా ఉండారో ఎవరికి కావల్ల? అరవై సంచులు అయినాయి. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఆ కుప్ప చూసి, "ఇంత ఊరికి నీ అరవై సంచులు ఏ మూలకి?" అన్నాడు. "ఎవరో ఒకరు మొదలుపెట్టల్ల కదా" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో! ఇప్పుడు తలుచుకొంటే సిగ్గేస్తాది.

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, మంచి చీర కట్టుకొని సందై గేటు కాడ నిలబడినాను. మొదట ఒక పెద్దాయన వచ్చినాడు. రెండు చేతుల్తో సంచి ఇచ్చి, "ఇది గుర్తు పెట్టుకోండన్నా. మర్చిపోవద్దండి" అన్నాను. సందైకి వచ్చేటప్పుడు సంచి మర్చిపోవద్దని నా ఉద్దేశం.

ఆయన సంచి తిప్పి చూసినాడు. గొడుగుల్ని చూసినాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "గుర్తు పెట్టుకొంటానమ్మా. నువ్వు చెప్పల్లా?" అని కన్ను గీటినాడు.

ఈ వయసులో కన్ను గీటేదేమప్పా అనుకొన్నాను. సరే, సంతోషం కొద్దీ గీటి ఉంటాడు.

తర్వాత ఒకామె సంచి తీసుకొని, "మా ఇంట్లో ఐదుమంది ఉండాము టీచరమ్మా. ఐదూ మీకే!" అనింది.

నాకు అర్థం కాలేదు. ఐదు సంచులు అడుగుతా ఉండాది కాబోలు అనుకొని, "ఐదుమందికీ కలిపి ఒక్కటి చాలమ్మా" అన్నాను.

"ఒక్క సంచికి ఐదా!" అని ఆమె నోరు తెరిచింది. నన్ను కిందికీ పైకీ చూసి, "సరే పోనీలెండి, మీ మొహం చూసి" అని వెళ్లిపోయింది.

నా మొహం చూసి ఏమి చేస్తాది ఆమె? ఆలోచించే లోపల ఇంకొకాయన. "మీ ఆయన నిలబడినాడామ్మా?"

"అవునన్నా, ఎనిమిది గంటలు నిలబడే పనే. కూర్చునేదానికి స్టూలు కూడా ఇవ్వరు" అన్నాను.

ఆయన బుర్ర గోక్కొంటా పోయినాడు. ఒకడైతే "సంచితో పాటు బిర్యానీ లేదా టీచరమ్మా?" అని అడిగినాడు. సంచికీ బిర్యానీకీ ఏమి సంబంధం? "ఖాళీ సంచే అప్పా, నువ్వే నింపుకోవల్ల" అన్నాను. ఇంకొకామె, "శుక్రవారమే కదా? పొద్దున్నే పోయి పని ముగిస్తాములే" అనింది. శుక్రవారం సందైలో జనం తక్కువ, మంచిదే అని తలూపినాను.

ఒకటి మాత్రం నిజం. జనం ఇంత బాగా అర్థం చేసుకొంటారని నేను అనుకోలేదు. ప్లాస్టిక్ మాట ఎత్తకముందే "తెలుసులే, తెలుసులే" అంటా ఉండారు! మన ఊరి జనానికి ఇంత తెలివి యాడినుంచి వచ్చిందబ్బా అని మురిసిపోయినాను.

గంటలో నలభై పైన అయిపోయినాయి. అప్పుడు జీపు వచ్చి నిలబడింది. ముందర నుంచి ఒక ఆఫీసరు దిగినాడు. వెనకనుంచి ఒకతను వీడియో కెమెరా భుజాన పెట్టుకొని దిగి నేరుగా నా మొహానికి పట్టినాడు.

లోకల్ కేబుల్ టీవీ వాళ్లే! ఇంకెవరు? ఎవరో నా గురించి చెప్పి ఉంటారు. గబగబా కొంగు సర్దుకొన్నాను, నుదుటి చెమట తుడుచుకొన్నాను.

"ఇవన్నీ మీరే పంచుతా ఉండారా?" అని అడిగినాడు ఆఫీసరు. తమిళంలో అడిగినాడు, నేనూ నాకు వచ్చిన తమిళంలోనే చెప్పినాను.

"నేనే సార్! నా చేతుల్తో కుట్టి పంచుతా ఉండాను. ఎవరి దగ్గరా ఒక్క పైసా తీసుకోలేదు. ఇది మొదలే. వార్డులో ప్రతి ఇంటికీ ఒకటి చేర్చేదాకా నేను నిద్రపోను!"

ఆఫీసరు కెమెరా అతన్ని చూసి, "వచ్చిందా?" అన్నాడు. "క్లియరుగా వచ్చింది సార్" అన్నాడు అతను. నాకు ఎంత సంతోషమో!

"ఎవరి కోసం చేస్తా ఉండారు ఇదంతా?"

"ఆవు కోసం సార్!"

ఆఫీసరు మొహం మారిపోయింది. జేబులోనుంచి ఒక కాగితం తీసి, వేలు పెట్టుకొంటా పైనుంచి కిందికి చదివినాడు. మళ్లీ కిందినుంచి పైకి చదివినాడు. "ఆవు గుర్తు ఎవరికీ ఇవ్వలేదే!" అన్నాడు.

"గుర్తేంది సార్? నిజమైన ఆవు. మా వీధిలో ఉండాది."

"అమ్మా, మీరు ఏమి పని చేస్తారు?"

"గవర్నమెంటు టీచర్ని సార్" అని గర్వంగా చెప్పినాను. ఊరుకోవచ్చు కదా? "ఎలక్షన్ డ్యూటీ కూడా పడింది సార్ నాకు" అని కలిపినాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాడు. తర్వాత చాలా మర్యాదగా, "జీపు ఎక్కండమ్మా" అన్నాడు. అప్పుడే నేను నవ్వుతా ఎక్కింది.

తాలూకా ఆఫీసులో తహసీల్దారు సారు ఆ కాగితం నా ముందర పెట్టినాక గానీ నా నవ్వు ఆగలేదు. శుక్రవారం ఓట్లకి మా వార్డులో నిలబడిన వాళ్ల పేర్లు, పక్కన వాళ్ల గుర్తులు. ఒకరికి బీరువా. ఒకరికి గడియారం. మూడో పేరు నారాయణప్ప, ఇండిపెండెంటు. గుర్తు... గొడుగు!

సంచి చేతిలోకి తీసుకొని చూసినాను. నాలుగు దినాలు ఆ గొడుగుల మీదనే సూది నడిపించినాను కదా, అవి గొడుగులని అప్పుడే మొదటిసారి కనిపించినట్ల అయింది నాకు. కన్ను గీటిన పెద్దాయన గుర్తొచ్చినాడు. "ఐదూ మీకే" గుర్తొచ్చింది. బిర్యానీ గుర్తొచ్చింది.

"రిపోర్టు కృష్ణగిరికి, కలెక్టరు కాడికి పోతే ఏమవుతాదో తెలుసా అమ్మా? డ్యూటీలో ఉండే టీచరు, ఓటుకి సంచులు పంచింది. ఉద్యోగం మిగలదు" అన్నాడు సారు. పద్నాలుగేండ్ల ఉద్యోగం!

అంతలో నారాయణప్పను పిల్చుకొని వచ్చినారు. రిటైరయిన పోస్టుమ్యాను. సన్నగా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకొని ఉండాడు. సంచుల కుప్ప చూసి బిత్తరపోయినాడు పాపం.

"నేను నోటీసు కూడా వెయ్యలేదు సార్, సైకిలు మీద పోయి ఓట్లు అడుగుతా ఉండాను. ఈమె ఎవరో నాకు తెలీదు" అని, నా వైపు తిరిగినాడు. కండ్లలో నీళ్లు. "ఎవరమ్మా నువ్వు? నాకోసం ఇంత శ్రమ పడితివే!"

"మీకోసం కాదన్నా" అన్నాను. "ఆవు కోసం."

ఆయన మొహం వాడిపోయింది. నాకు ఉద్యోగం భయంలో కూడా అది చూసి జాలేసింది.

కడాకి నన్ను కాపాడింది మునెమ్మ, శెట్టిగారు. ఎవరో చెప్తే విని మునెమ్మ, పాల క్యాను కూడా దించకుండా పరిగెత్తుకొచ్చి ఆవు కథంతా చెప్పింది. ఎన్ని కవర్లు వచ్చినాయో ఒక్కొక్కటీ చెప్తా ఉంటే సారే "చాలమ్మా, చాలు" అన్నాడు. శెట్టిగారు వచ్చి, "ఆ తాను మూడేండ్లుగా నా అటక మీద ఉండాది సార్. కావల్లంటే మిగిలిన ముక్క చూడండి, ఎలకలు కొట్టింది" అన్నాడు.

తహసీల్దారు సారు తల పట్టుకొన్నాడు. "నాకు అర్థమయింది. కానీ వీడియోలో మీరు చెప్పింది ఉండాదే! సాయంత్రం ఐదు లోపల పంచిన సంచులన్నీ వెనక్కి తెచ్చి ఈడ పెట్టండి. తెస్తే వదిలేస్తాను."

ఇచ్చేది ఎంత సులభం! తీసుకొనేది ఉండాదే...

మునెమ్మ ఒక వైపు, నేను ఒక వైపు. మా వెనకాల కెమెరా అతను. మొదట దొరికింది ఆ ఐదుమంది ఇంటామే. "ఒక్క సంచి వెనక్కి అడిగేదానికి ఇంటికి వచ్చినారే! గెలిచినాక ఏమి చేస్తారు మీరు?" అని వీధి వినేట్ల అరిచింది. ఇంకొకాయన నెమ్మదిగా, "గుర్తు మార్చినారా?" అన్నాడు. కన్ను గీటిన పెద్దాయన ఈసారి కన్ను గీటలేదు, సంచి బయటికి విసిరి తలుపు వేసేసినాడు. నారాయణప్ప సైకిలు మీద ఎదురొచ్చి, "ఇచ్చేటప్పుడూ నన్ను అడగలేదు, తీసుకొనేటప్పుడూ అడగలేదు. తిట్లు మాత్రం నాకు వస్తా ఉండాయి కదమ్మా!" అని మొత్తుకొన్నాడు.

సందైలో ఇంకా కష్టం. అందరి సంచుల్లోనూ కూరగాయలు! "వంకాయలు, టమాటాలు కొంగులో పోసుకొని బస్సెక్కల్లా? డెంకణికోటకి పోవల్ల నేను" అని ఒక ముసలామె సంచిని ఎదకి కరుచుకొని కూర్చునింది. నాలుగు దాటింది. ఉద్యోగం గంట దూరంలో ఊగులాడతా ఉండాది. నాకు బుర్ర పనిచేయలేదు. ఎదురుగా ఉండే అంగడికి పరిగెత్తి చేతికందింది కొనుక్కొచ్చినాను. ఆమె కూరగాయలు దాంట్లోకి వంచి, సంచి తీసుకొన్నాను. పని అయింది! అట్లనే రెండోది, మూడోది... ఒక చేత్తో ఇచ్చేది, ఒక చేత్తో సంచి లాక్కొనేది. అయిపోతే మళ్లీ అంగడికి పరుగు. ఐదుకి పది నిమిషాలు ఉండగా, పంచకుండా మిగిలినవి కూడా కలిపితే యాభైతొమ్మిది లెక్కకి వచ్చినాయి. అరవయ్యోది ఆ బిర్యానీ వాడి కాడ ఉండాది. వాణ్ని వదిలేద్దామని సారే అన్నాడు.

ఉద్యోగం మిగిలింది. గట్టిగా ఊపిరి వదిలి, చేతిలో మిగిలినవి తిరిగి ఇచ్చేద్దామని ఆ అంగడికి పోయినాను. అంగడాయన రెండు చేతులూ జోడించి లేచి నిలబడినాడు.

"టీచరమ్మా, పదేండ్లుగా ఈడ అంగడి పెట్టుకొని ఉండాను. ఒక్క మధ్యాహ్నంలో ఇన్ని ప్లాస్టిక్ కవర్లు ఎప్పుడూ అమ్మలేదు. మీరు వారం వారం వచ్చి ఇట్లనే ఊరికి ఏదో ఒక మంచి పని చేస్తా ఉండండమ్మా!"